ఫస్ట్ రౌండ్ పిక్‌లు పోస్తే ఆఫెన్సివ్ లైన్ తయారైపోతుందా?

ప్రతి ఏప్రిల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ దగ్గర పడుతుంటే ఒక వాదన మళ్లీ ఊపందుకుంటుంది. డల్లాస్, ఫ్రిస్కో వైపు ఉండే మనవాళ్లకు ఇది మరీ ఇష్టం, ఎందుకంటే అందులో డల్లాస్ టీమ్ కౌబాయ్స్ పొగడ్త ఉంది. ఆ వాదన ఇది: గట్టి ఆఫెన్సివ్ లైన్ కావాలంటే ఫస్ట్ రౌండ్ పిక్‌లు పెట్టడం ఒక్కటే దారి. కౌబాయ్స్ అలాగే చేసి లీగ్‌లోనే బెస్ట్ లైన్ తెచ్చుకున్నారు. ఫస్ట్ రౌండ్ లైన్‌మన్ అంటే రిస్క్ లేని పిక్. చివరి రౌండ్లలో దొరికిన స్టార్లు లాటరీ టికెట్లు, వాళ్లను చూసి ప్లాన్ వేసుకోకూడదు. పిక్ సరిగ్గా పెడితే ఆ సీజన్‌లోనే ఫలితం కనిపిస్తుంది.

ఆట కొత్తవాళ్లకు రెండు ముక్కలు. బంతి విసిరి ఆట నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని ముందు నిలబడి ఎదుటివాళ్లను ఆపే ఐదుగురే ఆఫెన్సివ్ లైన్. మధ్యలో సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డులు, రెండు చివర్లలో ట్యాకిల్స్. డ్రాఫ్ట్ అంటే 32 టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమం. ఒక్కో ఎంపికను పిక్ అంటారు, నంబర్ ఎంత చిన్నదైతే అంత ముందుగా ఎంచుకున్నట్టు. మొత్తం 7 రౌండ్లు. గురువారం మొదటి రౌండ్, శుక్రవారం రెండు మూడు, మిగతావి శనివారం. ఎవరూ ఎంచుకోనివాళ్లు ఆ తర్వాత ఏ టీమ్‌తోనైనా ఒప్పందం చేసుకోవచ్చు.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం.

"కౌబాయ్స్ మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు పెట్టి లైన్ కట్టారు"

పెట్టారు, కాదనను. 2011లో 9వ పిక్‌తో టైరన్ స్మిత్, 2013లో 31వ పిక్‌తో ట్రావిస్ ఫ్రెడరిక్, 2014లో 16వ పిక్‌తో జాక్ మార్టిన్. ముగ్గురూ గొప్ప ఆటగాళ్లే. 2014లో ఆ లైన్ వెనక పరిగెత్తి డిమార్కో మర్రే 1,845 గజాలు సాధించాడు. కానీ లైన్‌లో ఉండేది ఐదుగురు కదా! మిగతా ఇద్దరి పేర్లు ఎవరూ చెప్పరు. లెఫ్ట్ గార్డ్ రొనాల్డ్ లియరీని డ్రాఫ్ట్‌లో ఏ టీమూ తీసుకోలేదు. రైట్ ట్యాకిల్ డగ్ ఫ్రీ 2007లో నాలుగో రౌండ్‌లో వచ్చినవాడు, అప్పటికే ఆ టీమ్‌తో ఏడేళ్ల అనుభవం ఉన్నవాడు.

ఫ్రెడరిక్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆ ఏడాది డల్లాస్‌కు ఉన్నది 18వ పిక్. దాన్ని శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చేసి 31వ స్థానానికి దిగి, బదులుగా ఒక మూడో రౌండ్ పిక్ కూడా తెచ్చుకున్నారు. అప్పుడు టీవీలో, పేపర్లలో నవ్వినవాళ్లు చాలామంది. రెండో రౌండ్‌లో దొరికే సెంటర్‌ను తొందరపడి తీసుకున్నారన్నారు. అంటే ఇవాళ ఫస్ట్ రౌండ్ గొప్పతనానికి ఉదాహరణగా చూపిస్తున్న ఈ పిక్‌ను, ఆ రోజు నిపుణులు ఫస్ట్ రౌండ్ స్థాయిదిగా ఒప్పుకోలేదు. పైగా ఈ ముగ్గురినీ పోగుచేయడానికి నాలుగు డ్రాఫ్టులు పట్టింది.

"ఫస్ట్ రౌండ్ లైన్‌మన్ అంటే రిస్క్ లేదు"

దీనికి 2013 డ్రాఫ్ట్ ఒక్కటి చూస్తే చాలు. ఆ ఏడాది మొదటి రౌండ్‌లో ఏకంగా తొమ్మిది మంది ఆఫెన్సివ్ లైన్‌మెన్ వెళ్లారు. మొదటి నాలుగు పిక్‌లలో మూడు ట్యాకిల్స్‌కే: ఎరిక్ ఫిషర్, ల్యూక్ జోకెల్, లేన్ జాన్సన్. జాన్సన్ ఫిలడెల్ఫియాలో పదేళ్లు దాటినా రైట్ ట్యాకిల్‌గా నిలిచాడు. ఫిషర్ కాన్సస్ సిటీలో పర్వాలేదనిపించాడు, కానీ మొత్తం డ్రాఫ్ట్‌లో నంబర్ వన్ అన్న స్థాయికి చేరలేదు. రెండో పిక్ జోకెల్‌ను జాక్సన్‌విల్ చివరికి ట్యాకిల్ నుంచి గార్డ్‌కు మార్చి, ఆ తర్వాత వదిలేసుకుంది.

ఆ కింద 7వ పిక్‌తో అరిజోనా తీసుకున్న గార్డ్ జోనథన్ కూపర్ తొలి సీజన్ మొదలవకముందే కాలు విరగ్గొట్టుకున్నాడు. 10వ పిక్ చాన్స్ వార్మాక్, 11వ పిక్ డీజే ఫ్లుకర్ తమను తీసుకున్న టీమ్‌ల దగ్గర నాలుగు సీజన్లకు మించి నిలవలేదు. అదే డ్రాఫ్ట్‌లో 75వ పిక్‌తో న్యూ ఆర్లిన్స్ తీసుకున్న టెరాన్ ఆర్మ్‌స్టెడ్ తర్వాత పేరున్న లెఫ్ట్ ట్యాకిల్ అయ్యాడు. 109వ పిక్, అంటే నాలుగో రౌండ్‌లో, గ్రీన్ బే డేవిడ్ బక్తియారీని తీసుకుంది. క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాజర్స్ వెన్నుకాసే లెఫ్ట్ ట్యాకిల్‌గా ఏళ్లతరబడి నిలిచి, 2018లోనూ 2020లోనూ ఆల్-ప్రో మొదటి జట్టులో (ఆ ఏడాది లీగ్‌లో బెస్ట్ అని ఎంపికైనవాళ్ల జట్టు) చోటు సంపాదించాడు బక్తియారీ. జోకెల్‌ను ఎంచుకున్న గదిలోనూ నిపుణులే కూర్చున్నారు, గంటలకొద్దీ వీడియోలు చూసే తీసుకున్నారు.

సగటున చూస్తే ఫస్ట్ రౌండ్‌లో మంచి ఆటగాడు దొరికే అవకాశం ఎక్కువే. అవకాశం ఎక్కువ అనడం వేరు, రిస్క్ లేదనడం వేరు.

"చివరి రౌండ్లలో దొరికినవాళ్లు లాటరీ, మినహాయింపులు"

అసలు గొడవంతా ఇక్కడే. ముందు రెండు టీమ్‌ల ఆఫెన్సివ్ లైన్లు చూపిస్తాను.

2019 ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్ 13-3తో రామ్స్‌ను ఓడించి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ముందున్న ఐదుగురు వీళ్లు: ట్రెంట్ బ్రౌన్ ఏడో రౌండ్, జో థూనీ మూడో రౌండ్, డేవిడ్ ఆండ్రూస్ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనివాడు, షాక్ మేసన్ నాలుగో రౌండ్, మార్కస్ క్యానన్ ఐదో రౌండ్. ఫస్ట్ రౌండ్ వాడు ఒక్కడూ లేడు. ఆ ఏడాది 23వ పిక్‌తో తెచ్చుకున్న ఐజయా విన్ సీజన్ మొదలుకాకముందే గాయపడి ఇంట్లో కూర్చున్నాడు.

నాలుగేళ్ల తర్వాత, 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో, కాన్సస్ సిటీ 38-35తో ఫిలడెల్ఫియాను ఓడించింది. ఆ ఫిలడెల్ఫియా డిఫెన్స్ రెగ్యులర్ సీజన్‌లో 70 సార్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టి వచ్చింది. ఫైనల్లో కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ను ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయింది. అతని ముందున్నది ఎవరు? ఓర్లాండో బ్రౌన్ మూడో రౌండ్, మళ్లీ అదే థూనీ మూడో రౌండ్, క్రీడ్ హంఫ్రీ రెండో రౌండ్, ట్రే స్మిత్ ఆరో రౌండ్, ఆండ్రూ వైలీ డ్రాఫ్ట్ కానివాడు. ఇక్కడా ఫస్ట్ రౌండ్ సున్నా.

పాత రోజుల్లోకి వెళ్లినా అంతే. 1980ల్లో 'హాగ్స్' అని పేరుబడ్డ వాషింగ్టన్ లైన్‌లో జో జాకోబీ, జెఫ్ బోస్టిక్ ఇద్దరూ డ్రాఫ్ట్ కానివాళ్లే. 1998లో డెన్వర్ తరఫున టెరెల్ డేవిస్ 2,008 గజాలు పరిగెత్తినప్పుడు సెంటర్ టామ్ నేలెన్ ఏడో రౌండ్ వాడు. ఇన్ని మినహాయింపులు పోగైతే ఇక రూల్ ఎక్కడుంది?

ఇది లాటరీ ఎందుకు కాదంటే, ఒక ఆటగాడు ఏ రౌండ్‌లో పోతాడనేది అతను ఎంత బాగా ఆడతాడన్న దాని మీద మాత్రమే ఆధారపడదు. ఎన్ని టీమ్‌లకు అలాంటి ఒళ్లు కావాలన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. డెన్వర్ లైన్ కోచ్ అలెక్స్ గిబ్స్‌కు బరువు తక్కువైనా చురుగ్గా పక్కకు కదిలే మనుషులు కావాలి, ఎందుకంటే ఆయనది జోన్ బ్లాకింగ్, అంటే లైన్ అంతా కలిసి ఒక పక్కకు కదులుతూ అడ్డుకునే పద్ధతి. కొండల్లాంటి మనుషులను వెతికే మిగతా టీమ్‌లకు వాళ్లు చిన్నవాళ్లుగా కనిపించేవారు. అందుకే డెన్వర్‌కు చవగ్గా దొరికేవారు. ఫిలడెల్ఫియా సెంటర్ జేసన్ కెల్సీది కూడా అదే కథ. సెంటర్‌గా బక్కపల్చగా ఉన్నాడన్నారు, 191వ పిక్ దాకా కూర్చోబెట్టారు.

రెండో రకం తగ్గింపు ఆరోగ్యం. ట్రే స్మిత్‌కు కాలేజీలో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది, ఆ భయంతో 226వ పిక్ దాకా ఎవరూ ముట్టుకోలేదు. క్యానన్‌కు డ్రాఫ్ట్ సమయంలోనే క్యాన్సర్ ఉందని తేలింది. ఫిలడెల్ఫియా గార్డ్ లాండన్ డికర్సన్ కాలేజీ చివరి రోజుల్లో మోకాలి లిగమెంట్ తెగి 37వ పిక్‌కు జారాడు. ఇవన్నీ కళ్లు తెరిచి, లెక్క వేసుకుని తీసుకున్నవే. కన్నుమూసి చీటీ తీసిన పిక్‌లు కావు.

ఫిలడెల్ఫియా 2011 డ్రాఫ్ట్ పక్కపక్కన పెడితే ఇంకా బాగా అర్థమవుతుంది. 23వ పిక్‌తో డానీ వాట్కిన్స్ అనే గార్డ్‌ను తీసుకున్నారు. వయసు 26, అంతకుముందు కెనడాలో ఫైర్‌ఫైటర్. రెండు సీజన్లకే వదిలేశారు. అదే డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్‌లో తీసుకున్న కెల్సీ 13 సీజన్లు ఆడి, ఆరుసార్లు ఆల్-ప్రో మొదటి జట్టులో నిలిచాడు. ఒకే టీమ్, ఒకే ఏడాది, అవే కళ్లు.

అవునండీ, ఆరో రౌండ్‌లో తీసుకున్నవాళ్లలో చాలామంది రెండు మూడేళ్లలో ఇంటికి పోతారు. అందుకే ఒక్కరితో సరిపెట్టకూడదు.

"సరైన పిక్ పెడితే అదే ఏడాది ఫలితం"

దీన్ని నమ్మేవాళ్లు 2018 ఇండియానాపొలిస్‌ను చూపిస్తారు. నిజంగానే మంచి ఉదాహరణ. 2017లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్‌లు 56 సార్లు పడ్డారు. 2018లో 6వ పిక్‌తో గార్డ్ క్వెంటన్ నెల్సన్ వచ్చాడు, లెక్క 18కి దిగింది. కానీ ఆ ఏడాది నెల్సన్ ఒక్కడే రాలేదు. గాయం నుంచి కోలుకున్న క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ తిరిగొచ్చాడు, ఫ్రాంక్ రైక్ అనే కొత్త కోచ్ వచ్చాడు, 37వ పిక్‌తో బ్రేడెన్ స్మిత్ వచ్చి రైట్ ట్యాకిల్ అయ్యాడు. లెఫ్ట్ ట్యాకిల్ కాస్టాంజో 2011 నుంచి, సెంటర్ ర్యాన్ కెల్లీ 2016 నుంచి అక్కడే ఉన్నారు. 'ఒక్క ఏడాదిలో' అన్నదాని వెనక ఏడేళ్ల కూడిక ఉంది.

కాన్సస్ సిటీ నిజంగానే ఒక్క వేసవిలో లైన్ మార్చేసింది. 2021 ఫిబ్రవరిలో టాంపా బే చేతిలో 31-9తో చిత్తయ్యాక, మహోమ్స్ ఆ రాత్రంతా ప్రాణభయంతో పరిగెత్తాక. ఎలా మార్చారో చూడండి. థూనీకి పెద్ద కాంట్రాక్ట్ ఇచ్చి కొనుక్కున్నారు. హంఫ్రీ, ట్రే స్మిత్‌లను రెండో, ఆరో రౌండ్లలో పట్టుకున్నారు. మరి వాళ్ల ఫస్ట్ రౌండ్ పిక్? దాన్ని బాల్టిమోర్‌కు ఇచ్చి ఓర్లాండో బ్రౌన్‌ను తెచ్చుకున్నారు. ఆ బ్రౌన్ 2018లో మూడో రౌండ్‌లో పోయినవాడు!

కొత్త లైన్‌మన్‌కు టైమ్ పట్టడానికి కారణాలున్నాయి. చాలా కాలేజీలు ఇప్పుడు ఆటగాళ్లను మైదానమంతా విడివిడిగా పరిచే స్ప్రెడ్ ఆట ఆడతాయి, చెయ్యి నేలకు ఆనించి ముందుకు దూసుకెళ్లే అలవాటు చాలామందికి తక్కువ. 2011లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం తర్వాత రెగ్యులర్ సీజన్‌లో ప్యాడ్స్ కట్టుకుని చేసే ప్రాక్టీసులు 14కి కుదించారు. ఢీకొట్టడం నేర్చుకోవాల్సినవాడికి ఢీకొట్టే అవకాశమే తగ్గింది. పైగా ఇది ఐదుగురు కలిసి చేసే పని. కబడ్డీలో రైడర్ చుట్టూ చెయిన్ కట్టినప్పుడు ఒకడు చెయ్యి వదిలితే మిగతావాళ్లు ఎంత బలవంతులైనా లాభం ఉండదు. ఇక్కడా అంతే, ఎదుటివాళ్లు వెతికేది ఆ ఒక్కడినే.

జోర్డాన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడేవాడు. 2018లో 233వ పిక్‌గా ఫిలడెల్ఫియా తీసుకునేనాటికి ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడలేదు. రెండు సీజన్లు మైదానంలోకి దిగకుండా లైన్ కోచ్ జెఫ్ స్టౌట్లాండ్ దగ్గర నేర్చుకున్నాడు. మధ్యలో 2019లో అదే లెఫ్ట్ ట్యాకిల్ స్థానానికి 22వ పిక్‌తో ఆండ్రే డిలార్డ్‌ను తెచ్చారు. 2021 వచ్చేసరికి ఆ స్థానం మైలాటాది, బెంచీ డిలార్డ్‌ది. 2022లో కెల్సీ ఇంకా ఆడుతుండగానే అతని వారసుడిగా 51వ పిక్‌తో క్యామ్ జర్గెన్స్‌ను తీసుకున్నారు. ఒక ఏడాది గార్డ్‌గా ఆడించి, కెల్సీ రిటైరయ్యాక 2024లో సెంటర్‌గా నిలబెట్టారు. ఆ సీజన్‌లో సేక్వాన్ బార్క్‌లీ 2,005 గజాలు పరిగెత్తాడు, టీమ్ సూపర్ బౌల్ గెలిచింది. రైట్ గార్డ్‌గా ఆడిన మెకాయ్ బెక్టన్‌ను 2020లో 11వ పిక్‌తో లెఫ్ట్ ట్యాకిల్‌గా తీసుకున్నది న్యూయార్క్ జెట్స్. అక్కడ గాయాలతో పేరు పోగొట్టుకుని ఇక్కడికొచ్చి, స్థానం మారి బాగుపడ్డాడు.

మరి ఫస్ట్ రౌండ్ పిక్ ఎప్పుడు పెట్టాలి?

ట్యాకిల్స్ దగ్గర ఈ వాదన చాలావరకు నిజమే. జో థామస్ 3వ పిక్, ట్రెంట్ విలియమ్స్ 4, లేన్ జాన్సన్ 4, టైరన్ స్మిత్ 9. అంత పొడుగు చేతులు, అంత బరువు, దానితో పాటు ఆ పాదాల వేగం ఉన్న మనుషులు ఏడాదికి ఇద్దరో ముగ్గురో పుడతారు, వాళ్లను అందరూ గుర్తుపడతారు.

గార్డ్, సెంటర్ల దగ్గర లెక్క మారుతుంది. ఇక్కడ డబ్బు చిక్కు కూడా ఉంది. ఫస్ట్ రౌండ్ ఆటగాడి నాలుగేళ్ల ఒప్పందాన్ని టీమ్ కావాలంటే ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు, అదే ఐదో ఏడాది ఆప్షన్. ఆ ఏడాది జీతం లెక్కగట్టేటప్పుడు లీగ్ ట్యాకిల్, గార్డ్, సెంటర్ అని చూడదు, అందరినీ ఒకే గాటన కడుతుంది. ట్యాకిల్స్ జీతాలు ఎక్కువ కాబట్టి సెంటర్‌కూ ట్యాకిల్ ధర పడుతుంది. 2022లో 25వ పిక్‌తో తీసుకున్న సెంటర్ టైలర్ లిండర్‌బామ్ లీగ్‌లో పేరున్న ఆటగాడే, అయినా 2025లో బాల్టిమోర్ ఆ ఆప్షన్ వాడుకోలేదు. హంఫ్రీ లాంటి రెండో రౌండ్ సెంటర్ విషయంలో ఈ తలనొప్పే రాదు. నాలుగేళ్లు చవగ్గా ఆడతాడు, ఆ మిగులు డబ్బుతో ఒక థూనీని కొనుక్కోవచ్చు.