పినియన్ పన్ను విరిగితే డ్రైవర్ జీతం కోయడమేనా?

లారీ డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని చక్రాలకు పంచే గేర్ల అమరిక) పోయిందంటే చాలు, ఓనర్లు "క్లచ్ ఠక్కున వదిలి ఉంటాడు" అనేస్తారు. హౌసింగ్ (ఆ గేర్లుండే పెట్టె) విప్పకముందే తీర్పు, ఆ నెల జీతంలో కోత! ఇదెక్కడి న్యాయం?

విరిగిన పినియన్ (లోపలి చిన్న గేరు) పన్ను చూడండి ముందు. ఒక్క దెబ్బకి విరిగితే ముఖమంతా గరుకుగా, గింజగింజగా ఉంటుంది. బురదలో ఒక చక్రమే గిర్రున తిరుగుతున్నా రేజ్ చేస్తూ పోతే స్పైడర్ గేర్లు (రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే చిన్న గేర్లు), వాటి క్రాస్ (అవి తిరిగే ఇరుసు) బిగుసుకుపోతాయి. అది డ్రైవింగ్ తప్పే, కాదనం. కానీ విరుపు నున్నగా ఉండి, ఆల్చిప్ప మీద గీతల్లా వరసలు కనిపిస్తే ఆ పగులు ఎప్పుడో మొదలై మెల్లగా పాకిందన్నమాట. రోజూ ఓవర్‌లోడ్ ఎక్కించింది ఎవరు? పళ్లు నీలంగా మాడి ఉంటే ఆయిల్ లేదని అర్థం. బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) మట్టితో మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి సీల్ నుంచి ఆయిల్ కారిపోతుంది.

ఇక రిపేర్ల సంగతి మరీ ఘోరం. క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద గేరు), పినియన్ ఒకదానికొకటి జతగా అరగదీసి తయారుచేసినవి. డబ్బు మిగులుతుందని ఒక్కటే మారిస్తే కూత పెట్టడం ఖాయం. బ్యాక్‌లాష్‌ను (పళ్ల మధ్య ఉండే సందును) డయల్ గేజ్‌తో కొలవరు, చేత్తో ఊపి "బాగానే ఉంది" అంటారు. పళ్లకు రంగు పూసి, తిప్పి, అచ్చు మధ్యలో పడిందో లేదో చూడరు. పినియన్ బేరింగ్ కొత్తది వేసి షిమ్ములు (సందు సరిచేసే పల్చటి బిళ్లలు) పాతవే పెడతారు.

విప్పేటప్పుడు డ్రైవర్‌ను పక్కనే ఉంచండి. ముక్కలు, అడుగున మిగిలిన ఆయిల్ చూపించండి. జీతం మాట ఆ తర్వాత.