లైబ్రరీని తీసి మల్ల ఎక్కిస్తే లింక్ ఎర్రర్ పోదు

నల్లగొండ, పాలమూరు దిక్కు ప్రాజెక్టులు చేసే పిల్లల వాట్సాప్ గ్రూపుల్ల ఒక మెసేజ్ మస్తు తిరుగుతున్నది. సి ప్రోగ్రాంల నుంచి పీజీప్లాట్ అసొంటి, ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషల రాసిన గ్రాఫిక్స్ లైబ్రరీని వాడేటప్పుడు లింక్ కాకపోతే (మన కోడ్, లైబ్రరీ కలిసి ఒక ప్రోగ్రాంగ అతకకపోతే) ఏం చెయ్యాల్నో అండ్ల రాసిన్రు. ముచ్చట మొత్తం ఇదీ: "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అని వచ్చిందంటే లైబ్రరీ సరిగ్గ ఇన్‌స్టాల్ కాలేదు, తీసేసి మల్ల ఎక్కించండి. లైబ్రరీలు ఏ వరుసల ఇచ్చినా ఒకటే. పేర్లు కలవకపోతే నో అండర్‌స్కోరింగ్ ఆప్షన్ పెట్టండి. ఒకసారి లింక్ అయిందంటే కోడ్ కరెక్టే, బొమ్మ రాకపోతే అది డిస్‌ప్లే ప్రాబ్లం. అసలైతే ఫోర్ట్రాన్ వదిలేసి అంతా పైథాన్‌ల రాస్కోండి." దీన్ని నమ్మి పిల్లలు లైనక్స్ మొత్తం తీసేసి మల్ల ఎక్కిస్తున్నరు, సబ్మిషన్ దగ్గరికొచ్చినంక ఆ పని చేసుడు ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు, అందుకే ఒక్కొక్క మాట పట్టుకొని రాస్తున్న.

మొదటిది, ఇన్‌స్టాల్ కాలేదు అనే మాట. లైబ్రరీ నిజంగనే లేకపోతే లింకర్ (ఈ ముక్కలను కలిపే ప్రోగ్రాం) వేరే మాట అంటది, "కెనాట్ ఫైండ్ మైనస్ ఎల్ పీజీప్లాట్" అని సాఫ్‌గ చెప్తది (మైనస్ ఎల్ అంటే ఈ లైబ్రరీని కలుపు అని). అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటే అర్థం వేరు, నాకిచ్చిన ఫైళ్లన్నీ తెరిచి చూసిన గని ఈ పేరు దేంట్ల దొరకలేదు అని. రెండూ ఒకటి కావు. ఎక్కువమందికి వచ్చే ఎర్రర్ చూడండి, "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు _జీఫోర్ట్రాన్_ఎస్టీ_రైట్" అని ఉంటది, దానికి ముంగట ఏ ఫైలు అడిగిందో కూడ ఉంటది, అక్కడ లిబ్‌పీజీప్లాట్ పేరే కనిపిస్తది. అంటే పీజీప్లాట్ దొరికింది, తెరుచుకున్నది, లోపలి కోడ్ ఫోర్ట్రాన్ రన్‌టైం లైబ్రరీని (ఫోర్ట్రాన్ కోడ్ నడవడానికి కావల్సిన లైబ్రరీని) అడుగుతున్నది, మనం జీసీసీ (సి కోడ్‌ను మెషీన్ భాషల్లకు మార్చే కంపైలర్) తోటి లింక్ చేసినం కాబట్టి ఆ రన్‌టైం రాలేదు. కమాండ్ చివరికి మైనస్ ఎల్ జీఫోర్ట్రాన్ కలిపితే అయిపాయె. లేకపోతే సి ఫైళ్లను జీసీసీ తోటి కంపైల్ చేసి, ఆఖరి లింక్ ఒక్కటి జీఫోర్ట్రాన్ (ఫోర్ట్రాన్ కంపైలర్) తోటి చేయండి, రన్‌టైం దానంతట అదే వస్తది. సి ప్లస్ ప్లస్ కూడ కలిసి ఉంటే మైనస్ ఎల్ ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్ మీరే రాయాలె. లైబ్రరీని పదిసార్లు ఎక్కించినా ఈ ఎర్రర్ ఇట్లనే ఉంటది, ఎందుకంటే తక్కువైంది లైబ్రరీ కాదు, కమాండ్‌ల ఒక మాట.

మల్ల ఎక్కించుడు పనికొచ్చే సందర్భం ఒకటి ఉన్నది, అది కూడ చెప్పాలె. లైబ్రరీ ఒక కంపైలర్ తోటి తయారై మన కోడ్ ఇంకో దాంతోటి అయితే లొల్లి అయితది. 2005ల జీసీసీ 4.0 వచ్చినప్పుడు జీ77 అనే పాత ఫోర్ట్రాన్ కంపైలర్ పోయి జీఫోర్ట్రాన్ వచ్చింది, జీ77 రన్‌టైం పేరు లిబ్‌జీ2సీ. సీనియర్లు ఇచ్చిన పాత నోట్స్‌ల మైనస్ ఎల్ జీ2సీ అని ఉంటే అది ఇయ్యాల నడవది. అసొంటప్పుడు లైబ్రరీని సోర్స్ నుంచి మన కంపైలర్ తోటే కట్టుకోవాలె. అదే పాత ఫైలును తీసి పెట్టుడు వేరు, ఇది వేరు.

వరుస ముచ్చట. ఇది పచ్చి తప్పు. డాట్ ఏ ఫైళ్లను, అంటే స్టాటిక్ లైబ్రరీలను, లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చూసుకుంట పోతది, ఆ టైంకు ఎవరికన్న కావల్సిన పేరు ఉంటేనే అండ్లకెల్లి తీస్కుంటది, లేకపోతే వదిలేసి ముంగటికి పోతది. మీ మెయిన్ ఫైలు పిలిచేది సీపీజీలైన్‌ను, అది సీపీజీప్లాట్‌ల (సి నుంచి పీజీప్లాట్‌ను పిలిచే లైబ్రరీల) ఉన్న గీత గీసే ఫంక్షన్. మీరు పీజీప్లాట్ ముందు, సీపీజీప్లాట్ ఎనుక రాసిన్రనుకోండి, పీజీప్లాట్ దగ్గరికి వచ్చినప్పుడు అండ్లది ఎవరూ అడగలేదు కాబట్టి ఏం తీస్కోదు. తర్వాత సీపీజీప్లాట్ వచ్చి పీజీలైన్_ కావాలె అంటది, అప్పటికే దాటిపోయింది, ఎర్రర్ ఇస్తది. సరైన వరుస: మీ ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైలైన కోడ్ ఫైళ్లు), సీపీజీప్లాట్, పీజీప్లాట్, ఎక్స్11 (విండోలది), జీఫోర్ట్రాన్, ఎం (గణితానిది). అడిగేటోడు ముందు, ఇచ్చేటోడు ఎనుక. డాట్ ఎస్‌ఓ ఫైళ్లకు, అంటే షేర్డ్ లైబ్రరీలకు, ఈ పట్టింపు తక్కువ గని, ఉబుంటు 11.10 నుంచి యాజ్ నీడెడ్ (అవసరమైన లైబ్రరీలనే ఉంచు) అనే ఆప్షన్ మనం అడగకుండనే పెడ్తున్నది, అందుకే అక్కడ కూడ లైబ్రరీలను ఆబ్జెక్ట్ ఫైళ్ల కంటె ముందు రాస్తే పక్కకు పెట్టేస్తది.

నో అండర్‌స్కోరింగ్ సలహా అయితే రోగం కంటె మందు ప్రమాదం. జీఫోర్ట్రాన్ ప్రతి సబ్‌రొటీన్ (ఫంక్షన్ అసొంటిది) పేరును చిన్నక్షరాలల్లకు మార్చి చివరికి ఒక అండర్‌స్కోర్ పెడ్తది, పీజీప్లాట్ కూడ అట్లనే తయారై ఉన్నది. మీ ఫోర్ట్రాన్ కోడ్‌కు మాత్రం ఆ ఆప్షన్ పెడితే అది అండర్‌స్కోర్ లేని పీజీలైన్ అని అడుగుతది, లైబ్రరీల అసొంటి పేరే లేదు, అప్పటిదాంక మంచిగున్నది కూడ ఖరాబైతది. సొంతంగ రాసిన రొటీన్ సి నుంచి పిలవాల్నంటే ఫోర్ట్రాన్ 2003 నుంచి బైండ్ సి అని ఉన్నది, అది వాడండి, పేరు మీరిచ్చిందే ఉంటది. ఏ పేరు ఎట్ల ఉన్నదో అనుమానం వస్తే ఫైల్ల ఉన్న పేర్లు చూపే ఎన్‌ఎం కమాండ్ కొట్టండి, పక్కన టీ ఉంటే ఇక్కడ ఉన్నట్టు, యూ ఉంటే వేరేకాడ కావాలె అని.

ఇగ లింక్ అయితే కోడ్ కరెక్టే అనే మాట, నాకు అన్నిటికంటె కోపం తెప్పించేది ఇదే. లింకర్ పేర్లను మాత్రమే కలుపుతది, పంపేది ఫ్లోటా (నాలుగు బైట్ల దశాంశ సంఖ్య) డబులా (ఎనిమిది బైట్లది), విలువా అడ్రసా అన్నది దానికి తెల్వనే తెల్వదు. నాగార్జునసాగర్ నీటిమట్టం గీసే ప్రోగ్రాం తీస్కోండి, నిండుమట్టం 590 అడుగులు, వై అక్షం 500 నుంచి 600 దాంక. డేటా డబుల్ అర్రేల ఉన్నది, సీపీజీలైన్‌కు కావాల్సింది ఫ్లోట్. కంపైలర్ వార్నింగ్ ఇస్తే, ఫ్లోట్ పాయింటర్‌గ క్యాస్ట్ చేసి (ఇది ఫ్లోటే అనుకో అని చెప్పి) దాని నోరు మూయించిన్రు. లింక్ అయింది. విండో వచ్చింది, అక్షాలు వచ్చినయ్, అంకెలు వచ్చినయ్, గీత లేదు. ఎందుకు? 590 అనే డబుల్ ఎనిమిది బైట్లు, మన కంప్యూటర్లల్ల దాన్ని నాలుగు నాలుగు బైట్ల ఫ్లోట్లుగ చదివితే మొదటిది 0, రెండోది 4.08 దగ్గర్ల అయితది. నిండిన సాగర్ 0, 4.08, 0, 4.08 అని కిందికి పోయింది, 500 కంటె తక్కువ కాబట్టి విండోల ఎక్కడా కనిపించదు. డిస్‌ప్లేకు, డ్రైవర్‌కు ఏం సంబంధం? అర్రేను నిజంగ ఫ్లోట్‌లకు కాపీ చేసి పంపితే గీత వస్తది.

అక్షరాల స్ట్రింగులది కూడ ఇదే తీరు. హెడర్ (ఫంక్షన్ల వివరాలుండే ఫైలు) లేకుండ ఫోర్ట్రాన్ రొటీన్‌ను నేరుగ పిలిస్తే, స్ట్రింగ్ పొడవు చివర్ల కనిపించని ఇంకో ఆర్గ్యుమెంట్‌గ పంపాలె, జీసీసీ 8 నుంచి దాని టైపు ఇంట్ నుంచి సైజ్_టీకి మారింది. సీపీజీప్లాట్ హెడర్ పెట్టుకుంటే ఈ బాధ మీకెందుకు.

పైథాన్ రాస్కోండి అన్నదానికి ఎక్కువ చెప్ప. చిన్న గ్రాఫులకు రాస్కోండి, మంచిదే. గని మన దిక్కు ఫ్లోరైడ్ మీద, భూగర్భజలాల మీద పనిచేసేటోళ్లు వాడే మోడ్‌ఫ్లో (భూగర్భజలాల కదలిక లెక్కగట్టే ప్రోగ్రాం) 1984 నుంచి ఫోర్ట్రాన్‌లనే ఉన్నది, పైథాన్ సైపై (సైన్స్ లెక్కల లైబ్రరీ) లోపల కూడ ఏండ్ల తరబడి ఫోర్ట్రాన్ ఉండె. ఆ కోడ్‌ను పారేసి మల్ల రాసే టైం ఒక సెమిస్టర్‌ల ఎవరికి ఉన్నది?

గ్రూపుల సాయం అడిగేటప్పుడు "ఎల్‌డీ రిటర్న్డ్ 1 ఎగ్జిట్ స్టేటస్" అన్న ఆఖరి లైన్ ఒక్కటే స్క్రీన్‌షాట్ పెట్టకండి, అది లింక్ ఫెయిలైన ప్రతిసారి వచ్చేదే. దానికి పైన వచ్చిన మొదటి ఎర్రర్ లైను, మీరు కొట్టిన కమాండ్ మొత్తం, జీసీసీ వెర్షన్, ఈ మూడు పెట్టండి.