అల్జీబ్రా తరగతి నియమావళి గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన నియమావళి గారికి,

నమస్కారాలు. మేమంతా ఇక్కడ క్షేమం. మీరెలా ఉన్నారో అడగక్కర్లేదు, చూస్తూనే ఉన్నాను. నిరుడు మా పెద్దమ్మాయి పుస్తకాల సంచిలో వచ్చినప్పుడు మూడు పేజీలుండేవారు. ఈసారి చిన్నోడి సంచిలోంచి దిగేసరికి నాలుగయ్యారు. ఒళ్ళు చేశారు. సంతోషం.

నిరుడు మిమ్మల్ని చదవకుండానే సంతకం పెట్టానని ముందే ఒప్పుకుంటున్నాను. చివరి పేజీలో "పైన రాసినదంతా చదివి, అర్థం చేసుకుని, అంగీకరించాను" అని ఉంటుంది కదా, ఆ కింద గీత మీద పెట్టేశాను. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో పెన్ను, మధ్యలో "అమ్మా, త్వరగా" అని పిల్ల. ఈసారి మొదటి నుంచి చివరిదాకా చదివాను. చదివాక ఒకటి తెలిసింది. మీరు అర్థం కావాలంటే ముందు అల్జీబ్రా వచ్చి ఉండాలి. మిమ్మల్నేమో అల్జీబ్రా ఇంకా రాని పిల్లల చేతిలో మొదటి రోజే పెడుతున్నారు.

ఇంటిపనికి 20 శాతం, చిన్న పరీక్షలకు 15, యూనిట్ టెస్టులకు 40, ఫైనల్‌కి 20, తరగతిలో చురుగ్గా పాల్గొన్నందుకు 5. కూడి చూశాను, సరిగ్గా 100 వచ్చింది. ఆ 5 దగ్గర కాసేపు ఆగాను. చురుకుని ఎలా కొలుస్తారండీ? మా చిన్నోడు మనసులో లెక్క చేసేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. పక్కవాడు ఏమీ తెలియకపోయినా చెయ్యి ఎత్తుతాడు. ఎవరికి 5?

సరే, అది చిన్న విషయం. ఇంటిపని సంగతికొద్దాం. "ఆలస్యమైతే రోజుకి 10 మార్కులు కోత" అన్నారు. మా పెద్దమ్మాయి ఈ వాక్యాన్ని చూసి నవ్వింది. నిరుడు దీనికి ఏడ్చిన పిల్లే. "అమ్మా, ఇది సరళరేఖ. 100 దగ్గర మొదలై రోజుకి 10 చొప్పున దిగుతుంది. వాలు మైనస్ 10. పదో రోజుకి సున్నా దగ్గర అడ్డగీతని తాకుతుంది" అని నాలుగో పేజీ వెనక గీసి చూపించింది. అక్కడితో ఊరుకోలేదు. "మరి పదకొండో రోజున ఇస్తేనో?" అంది.

మిమ్మల్ని మళ్ళీ తిరగేశాను. పదకొండో రోజు గురించి మీరేమీ చెప్పలేదు. మీ లెక్క ప్రకారం మైనస్ 10 రావాలి. అంటే మా వాడు ఇంటిపని చేసి తెచ్చి మీకే 10 మార్కులు బాకీ పడతాడన్నమాట. పన్నెండో రోజుకి 20. నెల తిరిగేసరికి ఇల్లు తాకట్టు పెట్టాలేమో. ఇలాంటి లెక్కలకి మన పాతకాలపు గణితవేత్త బ్రహ్మగుప్తుడు 628లోనే దారి వేశాడు. చేతిలో ఉన్న సంఖ్యని ధనం అన్నాడు, అప్పుగా ఉన్న సంఖ్యని ఋణం అన్నాడు, వాటిని శూన్యంతో సహా ఎలా కూడాలో, తీసెయ్యాలో సూత్రాలు రాశాడు. ఋణంలోంచి శూన్యం తీసేస్తే మిగిలేది ఋణమేనన్నాడు. రెండు ఋణాల్ని గుణిస్తే ధనం వస్తుందనీ అన్నాడు. ఆ చివరిది మాత్రం మీ దగ్గర చెల్లదనుకుంటాను. రెండుసార్లు ఆలస్యమైతే లాభం వస్తుందని మీరు ఎక్కడా రాయలేదు.

హాజరు దగ్గరకి వస్తే, "గంట కొట్టాక మూడుసార్లు వస్తే ఒక గైర్హాజరు" అంటున్నారు. తప్పకుండా. కానీ మీరు పిల్లలకి మొదటి వారమే చూపించే ఆ 'ఎక్స్' సంగతి ఒక్కసారి ఆలోచించండి. తెలియని రాశులకి ఎక్స్, వై, జెడ్ అని, తెలిసినవాటికి ఎ, బి, సి అని రాసే అలవాటు 1637లో అచ్చయిన ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ జ్యామితి పుస్తకంతో స్థిరపడింది. ఆ డెకార్ట్‌కి చిన్నప్పుడు ఒంట్లో బాగుండేది కాదని, బడిలో పొద్దున్నే లేవకుండా పడుకోనిచ్చారు. పెద్దయ్యాక కూడా పొద్దెక్కేదాకా మంచం మీదే ఆలోచించుకునే మనిషి. మీ తరగతిలో చేరి ఉంటే దసరా సెలవులకో సంక్రాంతి సెలవులకో కూడా ఆగేవారు కాదు, మొదటి నెలలోనే గైర్హాజరు కింద పేరు కొట్టేసేవారు. చివరికి 1649లో స్వీడన్ రాణి పిలిచి, తెల్లవారుజామున 5 గంటలకి పాఠం చెప్పమంది. పాపం, ఆయన టైముకి వెళ్ళాడు. ఆ చలికాలంలోనే, 1650 ఫిబ్రవరిలో, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. సమయపాలన గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను.

పెన్సిల్‌తోనే రాయాలి. ప్రతి మెట్టూ చూపించాలి. కొట్టివేతలు ఉండకూడదు. ఈ మూడూ పక్కపక్కనే ఉన్నాయి మీ రెండో పేజీలో, ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా. కొత్తగా నేర్చుకునే పిల్ల తను చేసింది చేసినట్టు చూపిస్తే అందులో కొట్టివేతలే ఎక్కువ ఉంటాయి కదండీ. గుర్తు తప్పి వేసిన చోటు, బ్రాకెట్టు మర్చిపోయిన చోటు. మైనస్ 3ని బ్రాకెట్టులో పెట్టి వర్గం చేస్తే 9, బ్రాకెట్టు లేకపోతే మైనస్ 9. ఈ తేడా తెలియాలంటే ఒకసారి తప్పు రాసి, కొట్టేసి, పక్కన మళ్ళీ రాయాలి. రబ్బరుతో తుడిచేస్తే మిగిలేది శుభ్రమైన కాగితం. తప్పు మాత్రం బుర్రలో అలాగే ఉంటుంది.

అయితే ప్రతి మెట్టూ చూపించమన్న నియమం మీద నాకు గౌరవమే. మీ నాలుగు పేజీల్లో అల్జీబ్రా వాసన తగిలింది ఆ ఒక్క చోటే. దానికి కూడా మీరు ఒక తోక తగిలించారు, "తరగతిలో చూపించిన పద్ధతిలోనే" అని. ఆ తోకతో ఎంతమంది పెద్దవాళ్ళు ఫెయిలవుతారో చూడండి. అల్జీబ్రాకి ఆ పేరు తెచ్చిన పుస్తకం రాసిన అల్ ఖ్వారిజ్మీ, 820 ప్రాంతంలో బాగ్దాదులో కూర్చుని, సమీకరణాలన్నీ మాటల్లోనే రాశాడు. ఎక్స్ లేదు, సమాన గుర్తు లేదు, ప్లస్సు లేదు. సున్నా మార్కులు. రెండో భాస్కరుడు 1150లో బీజగణితం రాస్తూ తెలియని రాశులకి రంగుల పేర్లు పెట్టాడు: కాలకం, నీలకం, పీతకం, లోహితకం. నలుపూ నీలమూ కలిపి, పసుపులోంచి ఎరుపు తీసేసేవాడు. మీరేమో "రంగు పెన్సిళ్ళు వాడరాదు" అంటున్నారు. వెళ్ళి హెడ్మాస్టర్ని కలవమంటారేమో ఆయన్ని.

మళ్ళీ పరీక్ష రాసే అవకాశం గురించి ఒక్క మాట. 70 కంటే తక్కువొస్తే మళ్ళీ రాయొచ్చు, ఎంతొచ్చినా 70 మాత్రమే వేస్తారు. 71 వచ్చినవాడికి మళ్ళీ రాసే వీల్లేదు. పోనీ తగ్గినా బాగుండేదని బాధపడదామంటే, తగ్గినా 70 దాటేవాడు కాదు. అటూ ఇటూ కాకుండా వాడిని భలే కూర్చోబెట్టారు.

ఇన్ని చెప్పారు కదా, ఒక్కటి మాత్రం చెప్పలేదు. సమాన గుర్తంటే ఏమిటో. మీలో ఆ గుర్తు ఆరు చోట్ల ఉంది. "మూడు ఆలస్యాలు = ఒక గైర్హాజరు", "కాపీ = సున్నా", ఇలా. పిల్లలు దాన్ని ఇలాగే నేర్చుకుంటారు, "ఇదిగో ఫలితం" అని. 8 + 4 = ఖాళీ + 5 అని ఇచ్చి ఖాళీ నింపమంటే 12 అని రాసేస్తారు. 7 అని రాయాలంటే ఆ గుర్తుకి రెండు పక్కలా ఒకే బరువు ఉండాలని తెలియాలి. ఆ రెండు గీతల్ని 1557లో మొదట గీసిన రాబర్ట్ రెకార్డ్ కూడా అదే అన్నాడు, సమాంతరమైన రెండు గీతల కంటే ఎక్కువ సమానమైనవి మరే రెండూ ఉండవని. నా కాలంలో నాకూ ఎవరూ చెప్పలేదు. "అటు తీసుకెళ్తే గుర్తు మారుతుంది" అన్నారు, మార్చాను. ఎందుకు మారుతుందని అడిగితే పక్షాంతరం అన్నారు. పెద్ద పేరు వినగానే నోరు మూసుకున్నాను. రెండు పక్కలా ఒకే సంఖ్యని తీసేస్తున్నామని, మారడమంటూ ఏమీ లేదని నిరుడు కూతురు చెబితే తెలిసింది. మొత్తం స్కూలు చదువు, ఆపైన పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఇంతకాలం పట్టింది నాకు. రోజుకి 10 చొప్పున నా కోత ఎంతో మీరే వేసుకోండి.

ఆ కూతురు గురించే అసలు రాద్దామనుకున్నాను. అది లెక్క అర్థమయ్యేదాకా వదిలే రకం కాదు. ఇంటిపని అన్నీ సరిగ్గానే చేసేది, కానీ మూడేసి రోజులు ఆలస్యంగా ఇచ్చేది. కాబట్టి ప్రతిసారీ 70. ఏడాది చివర ఫైనల్‌కి ముందు రోజు రాత్రి టెన్షన్‌తో ఒక కాగితం మీద ఏదో రాస్తోంది. చూస్తే మీ మార్కుల పట్టిక. ఇంటిపని 70లో 20 శాతం, 14. చిన్న పరీక్షలు 80లో 15 శాతం, 12. యూనిట్ టెస్టులు 65లో 40 శాతం, 26. చురుకుకి మొత్తం 5. అంతా కలిపి 57. తనకి 80 కావాలి. 57 + 0.2ఎక్స్ = 80 అని రాసి, రెండు పక్కలా 57 తీసేసి, రెండు పక్కలా 0.2తో భాగించింది. ఎక్స్ = 115.

పరీక్ష 100 మార్కులకి.

తప్పు చేశానేమోనని ఆ 115ని తిరిగి సమీకరణంలో పెట్టి చూసింది. 23, 57, కలిపితే 80. సరిపోయింది. ఏడాది పొడుగునా మీరు జవాబు సరిచూసుకోమని చెబితే ఒక్కసారి కూడా చూడని పిల్ల, ఎవరూ అడక్కుండా ఆ రోజు సరిచూసుకుంది. తర్వాత ఇంటిపని దగ్గర 70 కొట్టేసి 100 వేసి మళ్ళీ చేసింది. ఈసారి ఎక్స్ 85. "ఇది వచ్చేది అమ్మా నాకు" అని ఏడ్చింది. సమీకరణం తనే కట్టుకుంది, తనే విప్పుకుంది, విప్పగా వచ్చిన జవాబు నిజంలో కుదరదని కూడా తనే తేల్చుకుంది. మీ లెక్కలో దీనికి మార్కులెక్కడ వేస్తారా అని వెతికాను. చురుగ్గా పాల్గొనడం కింద వేద్దామంటే అక్కడ 5కి 5 వచ్చేశాయి.

సంతకం పెట్టిన కాగితం రేపు పంపిస్తున్నాను. ఆలస్యం వాక్యం పక్కన "పది రోజుల వరకు మాత్రమే వర్తిస్తుంది, ఆపైన సున్నా" అని మా పెద్దమ్మాయి చిన్న అక్షరాలతో చేర్చింది, గమనించగలరు. మీ నియమం ప్రకారం పెన్సిల్‌తోనే రాసింది. ఒకచోట కొట్టివేత ఉంది, మెట్టు చూపించిందనుకోండి. నా సంతకం మాత్రం పెన్నుతో పెట్టాను. దానికెంత కోస్తారో చిన్నోడితో చెప్పి పంపండి.

ఇట్లు,
ఇద్దరు విద్యార్థుల తల్లి