పుట్టుమచ్చ చెంప మారింది

మా మామగారి ఎడమ చెంప మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను దాన్ని పట్టించుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు, అదే కనిపిస్తోంది. ఒకసారి ఎడమ చెంప మీద, మరోసారి కుడి చెంప మీద.

దీనికంతటికీ మూలకారణం జాన్ హెర్షెల్. ఆయన ఖగోళ శాస్త్రవేత్త. నక్షత్రాలు చూసుకుంటూ ఊరుకోక 1842లో సయనోటైప్ అనే పద్ధతి కనిపెట్టాడు. రెండు రసాయనాలను నీళ్ళలో కలిపి కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టి, దాని మీద నెగటివ్, అంటే నలుపు తెలుపులు తారుమారైన బొమ్మ, పెట్టి ఎండలో ఉంచాలి. తర్వాత మామూలు నీళ్ళలో కడిగితే ముదురు నీలం రంగులో బొమ్మ తేలుతుంది. బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జర్ అక్కర్లేదు, బొమ్మను తేల్చే డెవలపర్ రసాయనం అక్కర్లేదు. ఇంట్లోనే హాయిగా చేసుకోవచ్చని ఎక్కడో చదివాను. ఆ మాట రాసినాయనకు ఇల్లు ఉండే ఉంటుంది. అందులో మనుషులు ఉండి ఉండరు.

అత్తయ్యగారూ మామయ్యగారూ మా ఇంట్లో నెల రోజులు ఉండటానికి వచ్చారు. మామయ్యగారి ముఖం నాకు బాగా నచ్చింది. తెల్లని జుట్టు, తెల్లని గుబురు మీసం, ఎండకు కమిలిన చెంపలు. తెలుపు నుంచి నలుపు దాకా అన్ని ఛాయలూ ఒకే ముఖంలో దొరకడం అరుదు. కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోటో తీశాను. ఇక మిగిలింది నెగటివ్, ప్రింటు మాత్రమే అనుకున్నాను. "మాత్రమే" అన్న మాట నేను ఆ తర్వాత వాడటం మానేశాను.

ముందు రసాయనాలు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్ళలో, పొటాషియం ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు మరో 100 మిల్లీలీటర్లలో వేరువేరుగా కరిగించి, రెండు సీసాల్లో పోసి పేర్లు రాసి అంటించాను. అలా పేర్లు రాయడం పద్ధతి గల మనిషి లక్షణం. చదువు వచ్చిన భార్య ఉన్న ఇంట్లో అది ప్రమాదం కూడా.

"ఏమండీ, దీని మీద సైనైడ్ అని ఉందేమిటి?"

"సైనైడ్ కాదు, ఫెర్రిసైనైడ్. అందులో సైనైడు ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది. బలమైన ఆమ్లాలతో కలపకుండా, బాగా వేడి తగలకుండా చూసుకుంటే మనల్ని ఏమీ చేయదు."

"మా నాన్న బొమ్మ చేయడానికి సైనైడు తప్ప మరేమీ దొరకలేదా మీకు?"

నవ్వాను. నవ్వి ఉండకూడదు.

ఇక నెగటివ్. ఈ కాగితం మామూలు దీపపు వెలుగును లెక్కచేయదు, దానికి అతినీలలోహిత కిరణాలు కావాలి. అందుకే చిన్న నెగటివ్‌ను పెద్దది చేసి దీని మీద వేయడం కుదరదు. బొమ్మ ఎంత కావాలో నెగటివ్ అంతే ఉండాలి, కాగితాన్ని తాకుతూ ఉండాలి. ఈ రోజుల్లో దాన్ని కంప్యూటర్లో తయారు చేసి, పారదర్శకంగా ఉండే ఫిల్ము మీద ఇంక్‌జెట్ ప్రింటర్‌తో అచ్చు వేస్తారు. ఫోటోలో రంగులు తీసేయాలి, తెలుపును నలుపు చేయాలి, నలుపును తెలుపు చేయాలి, ఇంకు వైపు కాగితాన్ని తాకేట్టు ఫిల్మును బోర్లిస్తారు కాబట్టి చివరగా కుడి ఎడమలు తారుమారు చేయాలి. ఈ చివరి పని ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. దాన్ని గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

వీటన్నిటికన్నా పెద్ద పని ఇంకోటి ఉంది. కంప్యూటర్ తెర మీద కనిపించే బూడిద ఛాయలు కాగితం మీద అలాగే రావు. కొన్ని నీలంలో మునిగిపోతాయి, కొన్ని తెలుపులో మాయమవుతాయి. అందుకని తెలుపుకూ నలుపుకూ మధ్య 21 మెట్లున్న పట్టీని ముందుగా ముద్రించి, ఏ మెట్టు ఏ మెట్టులో కలిసిపోయిందో చూసి, దానికి తగ్గట్టు నెగటివ్ ఛాయలను సవరించాలి. మూడు రోజులు భూతద్దం పెట్టుకొని ఆ మెట్లు ఎక్కి దిగాను. మా అమ్మాయి వచ్చి ఆ పట్టీలు చూసి, "గోడలకు రంగులు వేయిస్తున్నామా నాన్నా?" అని అడిగింది. దానికి తెలియదు గాని, ఆ మూడు రోజులూ నా జీవితంలో అత్యంత శాస్త్రీయమైన రోజులు.

మొదటి నెగటివ్ ఫిల్ము తప్పువైపు అచ్చయింది. ఫిల్ముకు ఒకవైపే ఇంకును పట్టుకునే పూత ఉంటుంది. తడి వేలు ఆనిస్తే జిగురుగా అంటుకునేది పూత ఉన్న వైపు. నేను వేలు ఆనించలేదు. ఇంకు మంచుబిందువుల్లా ముద్దకట్టి ప్రింటర్ లోపలి రోలరుకు అంటుకుంది. నెగటివ్‌లో తెల్లని చోట్లకే ఎక్కువ ఇంకు పడుతుంది. మామయ్యగారి ముఖంలో అన్నిటికన్నా తెల్లనిది ఆయన మీసం. ఆ సాయంత్రం మా అమ్మాయి బడికి ఇవ్వవలసిన పన్నెండు పేజీలు అచ్చు వేసుకుంటే ప్రతి పేజీ అడుగునా తాతయ్య మీసం పడింది.

రెండో నెగటివ్‌లో నలుపు తెలుపులు తిప్పడం మరిచాను. ఆ ప్రింటులో మామయ్యగారికి ముఖమంతా నీలమై, కనుపాపలు తెల్లగా మెరిశాయి. చింపేశాను. ఎవరికీ చూపలేదు.

మూడోది బ్రహ్మాండంగా వచ్చింది. స్నానాలగది కిటికీకి దుప్పటి కట్టి, గుడ్డి పసుపు బల్బు ఒకటి వెలిగించి, రెండు ద్రావణాలూ సమపాళ్ళలో కలిపి కుంచెతో కాగితానికి పూశాను. అది ఆరేలోపు తలుపు నాలుగుసార్లు చప్పుడైంది. ఎవరి అవసరాలు వారివి. నేను మాత్రం చలించలేదు.

తర్వాత కాగితాన్నీ నెగటివ్‌నూ కలిపి ఫ్రేములో బిగించి ఎండలో పెట్టాను. 14 నిమిషాలు. మధ్యలో ఒక మబ్బు వచ్చి ఫ్రేముకు సరిగ్గా పైన తీరిగ్గా కూర్చుంది. ఫ్రేము వెనక చెక్క సగం తెరుచుకుంటుంది కాబట్టి నెగటివ్ కదలకుండా ప్రింటు ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు. చూశాను. పసుపుపచ్చ కాగితం నీలమై, ఆ నీలం ముదిరి నీడల్లో బూడిదరంగుకు తిరుగుతోంది. కావలసింది అదే. నేను తెరిచి చూసిన సగంలో పుట్టుమచ్చ లేదు. ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

కాగితాన్ని తొట్టిలో ముంచినప్పటి సంగతి చెప్పాలి. ఎండ తగలని చోట మిగిలిన రసాయనం పసుపు పొగలా కరిగిపోతుంటే, దాని వెనక నుంచి ముందు మీసం, తర్వాత నుదుటి ముడతలు, తర్వాత కళ్ళు ఒక్కొక్కటిగా తేలి వచ్చాయి. ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం అది. కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీళ్ళలో ముంచేసరికి, ఒక రోజు ఆగితే రావలసిన ముదురు నీలం క్షణాల్లో వచ్చేసింది. ఆ ఆనందంలో తొట్టి నీళ్ళు పారబోయకుండానే బొమ్మ పట్టుకొని పరుగెత్తాను.

పసుపు బల్బు వెలుగులో పసుపు నీళ్ళు మామూలు నీళ్ళలాగే ఉంటాయి. మా ఆవిడ వాటిలోనే నా తెల్లచొక్కా జాడించి ఎండలో ఆరేసింది. గంట గడిచేసరికి చొక్కా ఎండకు ఎదురుగా ఉన్నవైపు లేత నీలంగా మారింది. క్లిప్పులు పెట్టిన చోట మాత్రం రెండు తెల్లని క్లిప్పుల బొమ్మలు స్పష్టంగా పడ్డాయి. నిజం చెప్పాలంటే వాటి అంచులు నా ప్రింటులో కన్నా పదునుగా ఉన్నాయి. వద్దనేలోపే ఆవిడ సబ్బుపొడి వేసి నానబెట్టింది. ఈ నీలానికి సబ్బుపొడిలోని క్షారం పడదు. నీలం పోయి తుప్పు రంగు మరకలు మిగిలాయి.

ఇంతకీ బొమ్మ. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూశారు.

"బాగుంది బాబూ. ఎవరీయన?"

"మామయ్యగారు!"

"కాదు. ఆయనలాగే ఉన్నాడు గాని ఆయన కాదు. వాళ్ళ తమ్ముడేమో."

మా ఆవిడ తొంగి చూసి, "నాన్న పుట్టుమచ్చ ఇటు వచ్చిందేమిటి?" అంది. అప్పుడు నాకు ఆ ఒక్క నొక్కు గుర్తొచ్చింది. ఏనుగు మొత్తం వెళ్ళి తోక దగ్గర చిక్కింది. అన్నట్టు, ఫోటోగ్రఫీకి నెగటివ్, పాజిటివ్ అనే మాటలు పెట్టిందీ ఆ హెర్షెలే. ఆయన పద్ధతితోనే 1843లో సముద్రపు నాచు బొమ్మల పుస్తకం మొదలుపెట్టిన ఆనా ఆట్కిన్స్ నెగటివ్ జోలికే పోలేదు. నాచును నేరుగా కాగితం మీద పరిచి ఎండలో పెట్టింది. తెలివైన మనిషి. నాచుకు పుట్టుమచ్చలుండవు, అత్తగారూ ఉండరు.

కొత్త ఫిల్ము పాడుచేయడం ఎందుకని మర్నాడు అదే నెగటివ్‌ను ఇంకు వైపు పైకి వచ్చేట్టు తిరగేసి ముద్రించాను. పుట్టుమచ్చ తన చెంపకు చేరుకుంది. కానీ ఇంకుకూ కాగితానికీ మధ్య ఫిల్ము మందం అడ్డుపడటంతో మీసం వెంట్రుకలన్నీ అలుక్కుపోయాయి. "ఇప్పుడు ఆయనే. కానీ కళ్ళజోడు తీసేసి చూసినట్టుంది," అన్నారు అత్తయ్యగారు. ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మూడో రోజు ఆ ఒక్క నొక్కు నొక్కి, కొత్త నెగటివ్ తీసి, మళ్ళీ దుప్పటి, మళ్ళీ బల్బు, మళ్ళీ మబ్బు. ఈసారి వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. మచ్చ ఎడమ చెంప మీదే ఉంది. అత్తయ్యగారు మురిసిపోయారు. అప్పటిదాకా ఈ గొడవలో నోరు విప్పని మామయ్యగారు బొమ్మను చేతిలోకి తీసుకున్నారు.

"అల్లుడుగారూ, మొదటిదే బాగుందండీ. ఇందులో మచ్చ తప్పువైపు పడింది."

"మామయ్యగారూ, ఇదే అసలు వైపు."

"రోజూ గడ్డం గీసుకునేటప్పుడు చూసుకుంటున్న ముఖం అది. నా ముఖం నాకు తెలియదా?"

అద్దంలో చూసుకునే మనిషికి తన మచ్చ ఎప్పుడూ అటువైపే ఉంటుందని చెప్పబోయాను. ఆయన అప్పటికే కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఎదురుగా అత్తయ్యగారు అంతకన్నా నిటారుగా కూర్చున్నారు. యాభై ఏళ్ళ కాపురంలో ఆయన మచ్చ ఏ చెంప మీద ఉందో తనకన్నా ఎవరికి తెలుసునని ఆవిడ, ఆ చెంప తనదని ఆయన.

చివరికి మా ఆవిడే తీర్పు చెప్పింది. మామయ్యగారి కోరిక ప్రకారం తారుమారైన బొమ్మనే గోడకు తగిలించింది, నిలువుటద్దానికి సరిగ్గా ఎదురుగా. మామయ్యగారు దాన్ని నేరుగా చూస్తారు. అత్తయ్యగారు దానికి వీపు తిప్పి అద్దంలో చూస్తారు.

రోజూ అద్దం తుడిచే పని నాకు అప్పగించారు.