సీటు మాడ్యూల్ పోయిందని చెప్పే ముందు వోల్టులు కొలిచే మీటర్ ఎందుకు బయటికి తియ్యరు?

పోయిన వర్షాకాలం మా బావ సెకండ్ హ్యాండ్‌లో ఒక సెడాన్ కొన్నాడు, 2015 మోడల్, డ్రైవర్ సీటు పవర్‌ది, అంటే స్విచ్ నొక్కితే మోటార్‌తో జరిగేది, మన పొజిషన్ గుర్తుపెట్టుకునే మెమొరీ కూడా ఉంది. విజయనగరం తెచ్చిన నాలుగో రోజుకే సీటు ముందుకి జరిగి అక్కడే ఆగిపోయింది. మా బావేమో ఆరడుగుల మనిషి, మోకాళ్లు స్టీరింగ్‌కి తగుల్తుంటే అలాగే శ్రీకాకుళం దాకా తోలుకెళ్లి అక్కడ ఒక గ్యారేజ్‌లో చూపించాడు. వాళ్లు స్కానర్ పెట్టారు, సీటు మాడ్యూల్‌తో, అంటే సీటుని నడిపే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెతో, కమ్యూనికేషన్ పోయినట్టు ఒక కోడ్ వచ్చింది, అంతే, "మాడ్యూల్ పోనాది బాబూ, మార్చీడమే" అని 38,000 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు.

వాళ్లు మోసం చేశారని నేను అనట్లేదు, స్కానర్‌లో కనపడిందే చెప్పారు. కానీ స్కానర్ చెప్పేది మాడ్యూల్ పలకట్లేదని మాత్రమే, ఎందుకు పలకట్లేదో అది చెప్పలేదు కదా. ఫోన్ ఎత్తలేదని మనిషే లేడనుకుంటామా, ఛార్జింగ్ అయిపోయి ఉండొచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు. మాడ్యూల్‌కీ అంతే, దానికి కరెంటు సరిగ్గా అందుతోందా, ఎర్త్ సరిగ్గా ఉందా అని చూడకుండా అది పోయిందని చెప్పడానికి లేదు.

ఆదివారం ఇంటి దగ్గరే నేనూ బావా కూర్చున్నాం. ముందు బ్యాటరీ చూశాం, 12.5 వోల్టులుంది, బాగుంది. ఫ్యూజు బాగుంది. సీటు కింద వైర్లు కలిసే ప్లగ్గు, అదే కప్లర్ దగ్గర ఎర్ర వైరుకీ ఎర్త్ వైరుకీ మధ్య మీటర్ పెడితే 12.3 చూపించింది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కరెంటు వస్తోంది కాబట్టి మాడ్యూలే పోయిందని తేల్చేస్తారు. స్విచ్ నొక్కి పట్టుకోమన్నాను బావని. మీటర్‌లో అంకె టపీమని 4.2కి పడిపోయింది. ఇప్పుడు మీటర్ నల్ల ప్రోబ్ తీసి పక్కన బాడీ ఇనుము మీద, పెయింట్ లేనిచోట పెట్టి మళ్లీ నొక్కమంటే 12.1. అంటే ఎర్ర వైరు వైపు ఏ లోపమూ లేదు, ఎర్త్ పోయింది. కప్లర్ ఎర్త్ పిన్నుకీ బాడీకీ మధ్య పెడితే 7.9 వోల్టులు, అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. మోటార్‌కి అందాల్సిన వోల్టేజ్‌లో చాలా భాగం ఆ ఒక్క జాయింట్‌లోనే పోతోంది. మోటార్ లాగిన ప్రతిసారీ వోల్టేజ్ పడిపోయి మాడ్యూల్ రీసెట్ అయిపోతోంది, స్కానర్‌లో కనపడ్డ కోడ్ అదే.

కార్పెట్ ఎత్తితే ఎర్త్ బోల్టు కనపడింది, రింగు చుట్టూ ఆకుపచ్చగా చిలుం, వేలితో గీస్తే పొడిలా రాలింది. విప్పి, ఎమరీ పేపర్‌తో రింగునీ కింద ఇనుమునీ మెరిసేదాకా రుద్ది, రింగు బాగా నల్లబడిపోయింది కాబట్టి వైరు చివర కొత్త రింగు (లగ్గు) నొక్కించి, బిగించి పైన గ్రీజు రాశాం. మళ్లీ కొలిస్తే 0.1. సీటు కదిలింది గానీ మెమొరీ పని చెయ్యలేదు, సీటుని చివరిదాకా ముందుకీ చివరిదాకా వెనక్కీ నడిపి పట్టుకుంటే కాసేపటికి అదీ దారిలో పడింది. అన్ని కార్లకీ ఈ పద్ధతి ఒకటే ఉండదు, ఎవరి మాన్యువల్ వాళ్లు చూసుకోవాలి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నాను. సీటు కింద పసుపు రంగు కప్లర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దాని మీద మీటర్ పెట్టొద్దు, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా పీకొద్దు. సీటు విప్పాలంటే బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో రాసినంత సేపు ఆగి అప్పుడే చెయ్యి పెట్టాలి.

నిజానికి మీటర్ పట్టుకోకముందే సగం విషయం సీటే చెప్పేస్తుంది. మెమొరీ లేని మామూలు పవర్ సీటులో ముందుకెళ్తూ వెనక్కి రాకపోతే చాలావరకు మోటార్ బాగున్నట్టే, ఎందుకంటే రెండు వైపులకీ తిరిగేది అదే మోటార్, ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసేది స్విచ్, కాబట్టి స్విచ్ లోపలి కాంటాక్టులు చూడాలి. మోటార్ తిరిగే సౌండ్ వస్తూ సీటు కదలకపోతే కరెంటు వైపు వెతకడం దండగ, గేరో షాఫ్టో పోయింది. జరగడం, వాలడం, ఎత్తు అన్నీ ఒకేసారి ఆగిపోతే మూడు మోటార్లు ఒకేరోజు పోతాయా, ఫ్యూజు, మెయిన్ వైరు, ఎర్త్, వీటిలోనే ఉంటుంది. ఇంతమాత్రం ఆలోచన గ్యారేజ్‌లో జరగాలని అడుగుతున్నాను.

జరగట్లేదంటే తప్పు మన మెకానిక్కులదే అనలేం. వాళ్ల దగ్గర ఆ కారు వైరింగ్ డయాగ్రం ఉండదు, కంపెనీ స్కానర్ ఉండదు. చవక రకం స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, సీటు, డోర్ల జోలికి పోవు, శ్రీకాకుళంలోలా సీటు కోడ్ చదివినా కారణం చెప్పవు. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి దాదాపు 2,544 కోట్లు జరిమానా వేసింది సరిగ్గా ఈ విషయం మీదే, బయటి గ్యారేజ్‌లకి స్పేర్ పార్టులూ డయాగ్నస్టిక్ టూల్సూ అందనివ్వట్లేదని. ఆ తర్వాత అప్పీళ్లు నడిచాయి. 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అందులో ఆటోమొబైల్ కూడా ఉంది. అయినా మా బావ కారు డయాగ్రం శ్రీకాకుళంలో మెకానిక్ చేతికి రాలేదు, అది లేనప్పుడు అతనికి తేలిగ్గా కనపడే దారి పార్టు మార్చడమే, ఆ ఖర్చు కొన్నవాడి నెత్తిన.

ఇంకో సంగతి. ఆ చిలుం ఊరికే రాలేదు. మనది సముద్రం పక్క జిల్లా, కళింగపట్నం వైపు ఏడాదంతా ఉప్పుగాలే, నాలుగేళ్లు బయట పెట్టిన సైకిల్‌ని చూసినా తెలుస్తుంది. కానీ సీటు కింద ఒక్కచోటే అంత చిలుం ఉందంటే కారులోకి నీళ్లొచ్చాయేమో అని నా అనుమానం. మనవాళ్లు 2014లో హుద్‌హుద్ చూశారు, 2018లో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచింది. మునిగి ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ రాసిన బండ్లు సాల్వేజ్ కింద అమ్ముడవుతాయి, వాటిలో కొన్ని ఆరబెట్టి, పాలిష్ కొట్టి మళ్లీ రోడ్డెక్కుతాయి. ఆర్సీలో ఆ ముచ్చట ఎక్కడా ఉండదు, ఓనర్‌షిప్ మార్పుకి నింపే ఫారం 29, 30లోనూ ఉండదు. నా మటుకు నాకు ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది, చాసిస్ నంబర్ రాసినట్టే మునిగిన సంగతీ రికార్డులోకి ఎక్కాలి.

అది వచ్చేదాకా కొనేముందు మనమే చూసుకోవాలి. టెస్ట్ డ్రైవ్ కంటే ముందు సీటుని ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు నడపండి, వేగం తగ్గిందా చూడండి, హెడ్‌లైట్లు వేసి మళ్లీ నడపండి. సీటు బెల్టుని మొత్తం బయటికి లాగితే చివర్లో బురద చార కనపడొచ్చు. సీటు జరిగే పట్టాల బోల్టుల మీద పానా పెట్టిన గీతలుంటే ఆ సీటు ఎందుకు విప్పారో అడగండి. కార్పెట్ కింద చెయ్యి పెట్టి స్పాంజ్ నొక్కి చూడండి.

మా బావ తన కార్పెట్‌ని ఇంకా పూర్తిగా వెయ్యలేదు, రెండు రోజులు ఎండలో పెట్టినా కింద స్పాంజ్‌లో తడి పోలేదు. పక్క సీటు ఎర్త్ బోల్టు కూడా విప్పి చూద్దామని ఈ ఆదివారం పెట్టుకున్నాం.