జిల్లాకో రగ్బీ జట్టు, ఆరు జిల్లాలకూ ఒక షీల్డు

2025 జూన్‌లో ముంబయిలోని అంధేరీ క్రీడా ప్రాంగణంలో రెండు వారాలపాటు జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆరు జట్లు తలపడగా చెన్నై బుల్స్ విజేతగా నిలిచింది. ఆ ఆరింటిలో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు, కళింగ పేరుతో మరో జట్టు ఉన్నాయి. కళింగ పేరును ఒడిశా జట్టు పెట్టుకున్నందుకు మాకు పేచీ లేదు గానీ, కళింగపట్నం ఉన్నది శ్రీకాకుళం జిల్లాలోనని, తూర్పు గంగుల తొలి రాజధానిగా చరిత్రకారులు చెప్పే ముఖలింగం కూడా ఇక్కడే వంశధార ఒడ్డున ఉందని ఒక్కమాట గుర్తుచేయకుండా ఉండలేకపోతున్నాం. పేరు సంగతి అటుంచితే అసలు ప్రశ్న వేరే ఉంది. ఎచ్చెర్లలో చదువుకుంటున్న ఒక కుర్రాడు రగ్బీ బంతి పట్టుకుని పరుగెత్తడం నేర్చుకుంటే, అక్కడి నుంచి ఆ లీగ్ దాకా చేరడానికి మధ్యలో మెట్లు ఏమున్నాయి? నెల్లిమర్లలో చదివే అమ్మాయి విషయంలో తొలి ఏడాది ఈ ప్రశ్నకు కూడా తావు లేకపోయింది, ఎందుకంటే ఆ ఏడాది లీగ్ పురుషులకే జరిగింది.

కింద కాలేజీ జట్లో క్లబ్బులో ఉంటాయి, పైన టీవీలో కనిపించే లీగ్ ఉంది. రాష్ట్రాల జట్ల మధ్య జాతీయ పోటీలు జరుగుతున్న మాట నిజమే అయినా, అవి ఏదో ఒక నగరంలో కొద్ది రోజుల్లో ముగిసిపోతాయి. ఏడాదంతా సాధన చేసిన ఆటగాడికి అసలైన పోటీ ఆ నాలుగు రోజులే దొరుకుతుంది, అది కూడా తన ఊరివాళ్లు ఎవరూ చూడని చోట. క్లబ్బుకు పైన, లీగుకు కింద, ఒక ప్రాంతం తరఫున నెలల తరబడి ఆడే దేశీయ పోటీ లేకపోవడమే ఈ ఆటకు మన దేశంలో ఉన్న పెద్ద లోటని మేము భావిస్తున్నాం. ఆ లోటును పూడ్చే పనిని ముంబయిలోనో ఢిల్లీలోనో ఎవరో మొదలుపెట్టేదాకా ఆగనక్కర్లేదనీ, ఉత్తరాంధ్రలోని ఆరు జిల్లాలు తమంతట తామే మొదలుపెట్టవచ్చుననీ చెప్పడమే ఈ సంపాదకీయం ఉద్దేశం.

రగ్బీ పరిచయం లేని పాఠకుల కోసం రెండు ముక్కలు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. ముందుకు వెళ్లాలంటే బంతితో పరుగెత్తాలి, లేదా దాన్ని కాలితో తన్నాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే దాన్ని ట్రై అంటారు, దానికి 5 పాయింట్లు, ఆ తర్వాత బంతిని గోలు కర్రల మధ్యగా తన్నితే మరో 2. బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయవచ్చు. ఈ చివరి వాక్యం చదవగానే మన పల్లెల్లో పెరిగినవారికి చెడుగుడు గుర్తుకు రావడం సహజం. దూసుకొచ్చేవాడి అడుగు ఎటు పడబోతోందో కనిపెట్టి, తల పక్కకు తప్పించి, నడుము కిందికి పట్టుబట్టడం రెండు ఆటలకూ ఉమ్మడి విద్య. కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం, కరణం మల్లీశ్వరి బరువులెత్తిన ఊసవానిపేట, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి ఊరు కొండవెలగాడ ఉన్న ఈ నేలకు బలం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అయితే ఈ పేర్లలో మేము గమనించమంటున్నది బలాన్ని కాదు. కొండవెలగాడ నుంచి ఇంతమంది వెయిట్‌లిఫ్టర్లు ఎందుకు వచ్చారంటే, చూసి నేర్చుకోవడానికి ముందుతరం వాళ్లు అదే ఊళ్లో ఉన్నారు గనుక. ఆట కళ్లెదుట జరగాలి.

2014లో మొదలైన ప్రొ కబడ్డీ నిలదొక్కుకోవడానికి కారణం కూడా అదే. దానికింద జాతరల్లో, పండగల్లో, బడి మైదానాల్లో ఎప్పటినుంచో ఆడుతున్న కబడ్డీ ఉంది. రగ్బీ లీగుకు కింద అలాంటి నేల ఇంకా తయారు కాలేదు. మన దేశంలో ఈ ఆట కొత్తదేమీ కాకపోయినా వేళ్లు ఎందుకు పాతుకోలేదో చెప్పే పాత ముచ్చట ఒకటుంది. 1870వ దశకంలో కలకత్తాలో ఉన్న బ్రిటిష్ వాళ్లు ఒక రగ్బీ క్లబ్బు పెట్టుకున్నారు. సైనికులు బదిలీల మీద వెళ్లిపోవడం, పైగా క్లబ్బులో ఉచితంగా పోసే మద్యం ఆగిపోవడంతో సభ్యులు పలచబడ్డారని చెబుతారు. చివరికి క్లబ్బును మూసేసి, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు 270 కరిగించి ఒక కప్పు చేయించి ఇంగ్లండుకు పంపేశారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు 1879 నుంచి నేటికీ ఆడుతున్న కలకత్తా కప్పు అదే. రూపాయలు మనవి, కప్పు వాళ్లది. ఊరిలో పుట్టని క్లబ్బు ఊరికి ఏమీ మిగల్చకుండా పోయింది.

కొత్త పోటీని పెట్టడం సులువే, నిలబెట్టడం కష్టమని ఆస్ట్రేలియా అనుభవం చెబుతోంది. రగ్బీలో ప్రపంచ విజేతగా నిలిచిన ఆ దేశం క్లబ్బులకూ అగ్రశ్రేణి జట్లకూ మధ్య ఒక అంచె కావాలని 2007లో ఎనిమిది జట్లతో జాతీయ పోటీ ప్రారంభించి, నష్టాలు భరించలేక ఒక్క ఏడాదికే మూసేసింది. 2014లో మళ్లీ మరో పేరుతో మొదలుపెట్టిన పోటీ 2019తో ఆగిపోయింది. దశాబ్దాల చరిత్రా అభిమానులూ ఉన్న పాత క్లబ్బులను పక్కన కూర్చోబెట్టి, అప్పటికప్పుడు పేరూ రంగూ పెట్టిన జట్లను ప్రేమించమని జనాన్ని కోరితే జనం కదలలేదు. డబ్బున్న దేశంలోనే ఇలా అయితే, పీఈటీ మాస్టారు సొంత డబ్బుతో బంతి కొనే చోట మరింత జాగ్రత్త పడాలి.

పక్కనే ఉన్న న్యూజిలాండ్ కథ పూర్తిగా వేరు. అక్కడ ఆటగాడు తన జిల్లా వంటి ప్రాంతం తరఫున ఆడతాడు. 1976లో ఆ ప్రాంతీయ జట్లన్నింటినీ కలిపి జాతీయ పోటీ పెట్టారు, అది నేటికీ సాగుతోంది. కానీ మాకు అంతకన్నా నచ్చింది దానికి ఎంతో ముందు నుంచీ ఉన్న ఒక షీల్డు. రాన్‌ఫర్లీ షీల్డు అనే దానికోసం 1904లో తొలి సవాలు మ్యాచ్ జరిగింది. దాని నియమం పల్లెటూరి పందెమంత సరళం: షీల్డు ఎవరి దగ్గర ఉంటే వారు తమ ఊళ్లోనే ఉంటారు, కావాలనుకున్నవారు ఆ ఊరికి వచ్చి, అక్కడి జనం మధ్య ఆడి, గెలిస్తే పట్టుకుపోతారు. ఓడితే ఖాళీ చేతులతో ఇంటికి. దీనికి పెద్ద స్టేడియం అక్కర్లేదు, ఆటగాళ్ల వేలం అక్కర్లేదు, నెలరోజుల హోటల్ ఖర్చు అక్కర్లేదు. ఒక బస్సు చాలు.

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం, విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల మధ్య ఇటువంటి సవాలు షీల్డును ప్రారంభించాలని మేము ప్రతిపాదిస్తున్నాం. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. ఒలింపిక్స్‌లోనూ ఆసియా క్రీడల్లోనూ ఉన్నది సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ, కాబట్టి మనవాళ్లు నేర్చుకోవలసింది అదే. కానీ అది సగానికి 7 నిమిషాల చొప్పున 14 నిమిషాల్లో ముగిసిపోతుంది. సాలూరు నుంచి బస్సు కట్టుకుని శ్రీకాకుళం వచ్చి పావుగంట ఆడి వెళ్లమంటే ఎవరూ రారు, చూసేవాళ్లూ రారు. అందుకే సవాలు రోజున ఒక్క మ్యాచ్ కాక నాలుగు జరగాలి: పురుషులు, మహిళలు, 18 ఏళ్లలోపు బాలురు, బాలికలు. నాలుగు మ్యాచుల్లో వచ్చిన పాయింట్లన్నీ కూడి, ఎక్కువ వచ్చిన జిల్లాకు షీల్డు ఇవ్వాలి. ఈ లెక్క పెడితే అమ్మాయిల జట్టును తయారు చేయని జిల్లా, మగపిల్లలు ఎంత బాగా ఆడినా సరే, షీల్డు ముఖం చూడలేదు. మహిళలను ప్రోత్సహించాలని తీర్మానాలు రాసుకోవడం కన్నా కూడిక లెక్కే మేలు. భారత మహిళల జట్టు 2019లో మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించి పదిహేను మంది ఆడే రగ్బీలో తొలి అంతర్జాతీయ విజయం సాధించినప్పుడు మనలో ఎంతమందికి ఆ సంగతి తెలిసింది?

ఎవరు ఆడవచ్చు అన్న విషయంలో కచ్చితంగా ఉండాలి. ఆ జిల్లాలో పుట్టినవారు, లేదా అక్కడ చదువుతున్నవారు, పనిచేస్తున్నవారు మాత్రమే. బయటి నుంచి డబ్బిచ్చి తెచ్చుకోకూడదు. పుట్టిన జిల్లాను లెక్కలోకి తీసుకోమనడానికి మా దగ్గర ప్రత్యేక కారణం ఉంది. మన యువకుల్లో చాలామంది పనికోసం హైదరాబాద్‌కో చెన్నైకో వలసపోయినవాళ్లే. అక్కడ ఎవరైనా ఆట నేర్చుకుంటే, ఇచ్ఛాపురంవాడు ఇచ్ఛాపురంవాడిగానే వచ్చి శ్రీకాకుళం చొక్కా వేసుకోగలగాలి. ఇక జిల్లా జట్టుకు ఆటగాణ్ణి ఇచ్చిన కాలేజీ లేదా క్లబ్బు పేరు జట్టు జాబితాలో అతని పేరు పక్కనే రాయాలి. పాత క్లబ్బులను అలా కలుపుకోకుండా పక్కన పెట్టడమే ఆస్ట్రేలియా చేసిన తప్పు.

ఎప్పుడు ఆడాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మా దృష్టిలో ఈ పోటీ బతుకు దానిమీదే ఆధారపడి ఉంది. మనవాళ్లకు ఆటల పోటీలంటే సంక్రాంతి గుర్తొస్తుంది, కానీ అప్పటికి మన మైదానాలు ఇటుకలా గట్టిపడి ఉంటాయి. మనిషిని పట్టి పడేసే ఆటకు ఆ నేల పనికిరాదు. కలకత్తా క్లబ్బులు వానాకాలంలో రగ్బీ ఆడేది నేల మెత్తగా ఉంటుందనే. మనకూ వానలే మేలు. అయితే జూలైలో వరి ఉభాలు, అంటే నాట్లు, సాగుతుండగా పొలం పనిని వదిలి రమ్మని ఎవరినీ అడగలేం, అక్టోబరు వచ్చిందంటే తుపాన్ల భయం మొదలవుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. ఉభాలు ముగిశాక ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు చివరిదాకా, ఆదివారాలు మాత్రమే ఆడితే ఆరేడు సవాళ్లకు చోటు దొరుకుతుంది. తొలి ఏడాదికి అంతకన్నా అవసరం లేదు.

తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా తీసిపారేయడం మాకు ఇష్టం లేదు. తలకు దెబ్బ తగిలే ప్రమాదం ఈ ఆటలో నిజంగానే ఉంది. భుజాల పైన పట్టడం నియమాల ప్రకారమే తప్పు. కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదిరిందన్న అనుమానం వచ్చిన ఆటగాణ్ణి వెంటనే బయటకు పంపాలని, స్థానిక పోటీల్లో ఆడేవారు 21 రోజులు గడవకముందు మళ్లీ మ్యాచ్ ఆడకూడదని ఈ ఆట అంతర్జాతీయ సంస్థ వరల్డ్ రగ్బీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. డాక్టరూ అంబులెన్సూ మైదానం గట్టున లేకపోతే మ్యాచ్ మొదలుపెట్టకూడదన్న నియమాన్ని షీల్డు నిబంధనల్లో మొదటిదిగా రాయాలి. బడిపిల్లలకు నడుముకు కట్టుకున్న రిబ్బను లాగితే చాలు, పట్టి పడేయనక్కర్లేని టాగ్ రగ్బీ ఉంది. వాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

కూడబెట్టవలసిన డబ్బు చిన్నదే అయినా ఎవరో ఒకరు ఇవ్వాలి. పతకం తెచ్చినవారికి ఉద్యోగం అన్న విధానం పెట్టుకున్న బీహార్, 2025 ఆగస్టులో రాజ్‌గీర్‌లో 20 ఏళ్లలోపు ఆసియా సెవెన్స్ పోటీలను నిర్వహించే స్థాయికి చేరింది. మన రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ, విశ్వవిద్యాలయాలు, గిరిజన సంక్షేమ పాఠశాలలు చూడవలసింది ఆ వైపు. రగ్బీ ప్రీమియర్ లీగ్ వెనుక రగ్బీ ఇండియాతో పాటు ఉన్న జీఎంఆర్ సంస్థను స్థాపించిన గ్రంధి మల్లికార్జునరావుది రాజాం. చుట్టరికం చూపించి చేయి చాచడం మర్యాద కాదేమో గానీ, ఇది అడగవలసిన మాటే. ఆరు జిల్లాల్లో ఒక్కో మైదానానికి ఒక్కో జత గోలు స్తంభాలు కావాలి. రెండు నిలువు కమ్మీలు 5.6 మీటర్ల ఎడంతో, వాటి మధ్య నేలకు 3 మీటర్ల ఎత్తున ఒక అడ్డకమ్మీ. రాజాంలో ఏ వెల్డింగు షాపులోనైనా చేసిపెడతారు. వచ్చే ఉభాలకు ముందే కొలతలు ఇచ్చేస్తే ఆగస్టుకు అందుతాయి.