పిల్లలకు అమ్మకుండా ఆపితే సరిపోదా?

సాల్వియా డివినోరమ్ అనే మత్తు మొక్కని అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ హెరాయిన్‌తో సమానంగా షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా కఠినంగా నిషేధించే మత్తుపదార్థాల జాబితాలో, పెట్టాలని నేను చదివిన ఒక వ్యాసం రాసినవారు అంటున్నారు. నాకైతే ఇది అతి అనిపించింది. ప్రమాదం లేదనడం లేదు. పొగగా పీలిస్తే నిమిషంలోపే మత్తు ఎక్కుతుంది, చుట్టూ ఏం జరుగుతోందో తెలియదు. ఆ స్థితిలో స్టీరింగ్ పట్టుకుంటే అంతే సంగతులు. కానీ ఆ మత్తు చాలావరకు అరగంటలోపే దిగిపోతుంది, హెరాయిన్‌లా అలవాటుపడి వదల్లేకపోవడం దీనిలో కనిపించదు.

ఫెడరల్ చట్టం దీన్ని నిషేధిత జాబితాలో చేర్చలేదు కాబట్టి ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి పట్టింది. డెలావేర్ 2006లో షెడ్యూల్ 1లో పెట్టేసింది. కాలిఫోర్నియా 2008లో చేసిన చట్టం మైనర్లకు అమ్మకాన్ని మాత్రమే నేరం చేసింది. లూసియానా 2005 చట్టం ఇంకా తెలివైనది: తినడానికో పీల్చడానికో అయితే నేరం, పెరట్లో అందానికి పెంచుకుంటే కాదు.

మన ఉమ్మెత్త సంగతి చూడండి. సాల్వియా కంటే ఎన్నో రెట్లు విషం, గింజలు తిని చచ్చిపోయినవాళ్లున్నారు. అయినా రోడ్డు పక్కన పెరుగుతుంది, వినాయక చవితి పత్రిలోనూ ఉంటుంది. దాన్ని మన దేశపు మత్తుపదార్థాల నియంత్రణ చట్టమైన ఎన్‌డీపీఎస్‌లో చేర్చమని ఎవరూ గోల చేయలేదు.

ఇంకొకటి, సాల్వియాలో మత్తు కలిగించే పదార్థమైన సాల్వినోరిన్ ఎ మెదడులో కప్పా ఓపియాయిడ్ గ్రాహకాల (మందులు అతుక్కుని పనిచేసే ఒక రకం కణ భాగాల) మీద పనిచేస్తుందని 2002లో తేలింది. నొప్పి, వ్యసనాల మందుల కోసం దాన్ని పరిశోధిస్తున్నారు. షెడ్యూల్ 1లో పెడితే ఆ ల్యాబులకు అనుమతుల తలనొప్పి మొదలవుతుంది. వ్యాసంలో దాని ఊసే లేదేం?